చూశారు అని రాస్తే సరిపోయేదానికి పరిశీలించారు అని ఎందుకండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మూడు వారాల కింద మీ జిల్లా పేజీలో మా వీధి ఫోటో వేశారు. మురుగు కాలువ పక్కన ఒక అధికారి నిలబడి చెయ్యి చాపి ఏదో చూపిస్తున్నట్టు ఉంటుంది, కింద "కాలువను క్షుణ్ణంగా పరిశీలిస్తున్న అధికారి" అని క్యాప్షన్. లోపల వార్తలో కూడా మూడు చోట్ల పరిశీలించారు అనే ఉంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నానండి. జీపు ఆగింది, సారు దిగారు, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు, ఫోటో తీసే అబ్బాయి సార్ కొంచెం చెయ్యి అటు పెట్టండి అన్నాడు, పెట్టారు, ఫోటో అయింది, సారు ఫోన్ మాట్లాడుకుంటా జీపెక్కారు. మా ఎదురింటామె పొయ్యి మీద పాలు పెట్టి బయటికి వచ్చింది, ఆ పాలు పొంగేలోపల అంతా ఐపోయింది. ఒక్క బండ పైకి లేపలేదు, లోపల పూడిక ఎంతుందో కర్ర దించి చూడలేదు, నీళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయి అని వీధిలో ఒక్కర్ని అడగలేదు.

ఐనా ఈ ఉత్తరం కాలువ గురించి కాదు, కాలువ సంగతి మేము చూసుకుంటాం (ఇరవై ఏళ్ళుగా చూసుకుంటూనే ఉన్నాం). నా బాధంతా ఆ పరిశీలించు అనే మాట గురించి.

నేను భాష చదువుకున్నోణ్ణి కాదు. మాది బంగారు పని చేసే కుటుంబం, ప్రొద్దుటూర్లో మా మేనమామ దగ్గర పని నేర్చుకున్నా, తర్వాత ఒక బ్యాంకులో గోల్డ్ లోన్లకి అప్రైజర్ గా 26 ఏళ్ళు చేశా. మా పనిలో ఈ మాట కింద సంతకం పెట్టాలి, పెట్టాక అది మన మెడకి చుట్టుకుంటుంది, అందుకే నాకు దీని మీద ఇంత పట్టింపు.

మా పని ఎట్లా ఉంటుందో కొంచెం చెప్తాను, చెప్పకపోతే నా గొడవ మీకు అర్థం కాదు. ఎవరైనా గొలుసు తెచ్చి కౌంటర్ మీద పెడితే ముందు అరచేతిలో వేసుకుని ఆడిస్తాం, సగం సంగతి చెయ్యే చెప్తుంది. తర్వాత భూతద్దం పెట్టి కొక్కెం దగ్గర, అతుకుల దగ్గర చూస్తాం, కల్తీ ఉంటే టంకం పెట్టిన చోటే ఎక్కువ బయటపడుతుంది కాబట్టి. రాళ్ళుంటే రాళ్ళ తూకం తీసేయాలి, గుండ్లలో లక్క నింపి ఉంటే లక్క తూకం తీసేయాలి. ముద్ర ఉంటే ముద్ర చూడాలి, 22 క్యారెట్లు అంటే 916 అని ఉంటుంది, వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం అని లెక్క. ఇప్పుడైతే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడి నెంబర్ (ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు నెంబర్) కూడా వేస్తున్నారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కానీ తాకట్టుకి వచ్చేవన్నీ అమ్మమ్మల నాటి నగలు, వాటికి ముద్ర ఎక్కడిది.

అప్పుడు గీటురాయి తీస్తాం. నల్లటి రాయి, అరచేతిలో సగం ఉంటుంది, కాస్త నూనె రాసి తుడిచి పెట్టుకుంటాం. దాని మీద నగతో ఒక గీత గీసి, పక్కనే వన్నె తెలిసిన బంగారు పుల్లతో ఇంకో గీత గీసి, రెండిటి రంగూ పక్కపక్కన పెట్టి చూస్తాం. తర్వాత ఆ గీతల మీద అడ్డంగా ఆసిడ్ తడి. రాగో ఇత్తడో ఐతే పచ్చగా పొంగి గీత మాయమైపోతుంది, మంచి బంగారమైతే గీత నిలబడుతుంది.

ఇంత తెలిసి కూడా నేను ఒకసారి దెబ్బ తిన్నా. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు అనుకుంటా, ఆషాఢంలో, విత్తనాల పెట్టుబడికి జనం గాజులూ గొలుసులూ మూట కట్టుకుని వచ్చే రోజులు, కౌంటర్ ముందు లైన్ రోడ్డు దాకా ఉంది. ప్రతి ఏడూ వచ్చే ఒకాయన నాలుగు గాజులు పెట్టాడు. గీశా, గీత బాగుంది, ఆసిడ్ కి కూడా నిలబడింది. రిజిస్టర్లో "పరిశీలించి సరిచూడడమైనది" అని స్టాంపు గుద్ది కింద సంతకం పెట్టేశా. ఏడాది తర్వాత తనిఖీకి వచ్చిన ఇంకో అప్రైజర్ ఆ గాజుల్లో ఒకటి తీసుకుని లోపలి అంచున ఆకురాయితో కాస్త లోతుగా రాకి, రాకిన చోటు నుంచి మళ్ళీ గీశాడు. రెండో గీత ఎర్రగా వచ్చింది. పైన మందంగా బంగారు పూత, లోపలంతా రాగి. రాయి మీద ఒక్కసారి గీస్తే తెలిసేది పై చర్మమే, ఈ సంగతి నాకు తెలియనిది కాదు, మా మేనమామ మొదటి రోజే చెప్పాడు, రెండో గీతే గీతరా అబ్బీ, మొదటిది అందరూ గీస్తారు అని. తెలిసి కూడా రాకలేదు ఎందుకంటే మనిషి తెలిసినోడు, వెనక లైన్ ఉంది, ఆకలేస్తా ఉంది. పాపం ఆ రైతు కూడా ఎవరి దగ్గరో మోసపోయి కొన్నవే అవి. మొత్తం డబ్బు నా కమిషన్లోంచి రెండేళ్ళు కొంచెం కొంచెంగా పట్టుకున్నారు.

అప్పట్నించి పరిశీలించు అనే మాట ఎక్కడ కనపడినా నాకు ఆ ఎర్ర గీత గుర్తొస్తుంది. రెండో గీత గీసి ఉంటే అది పరిశీలించడం, లేకపోతే అది చూడటం, అంతే.

ఇప్పుడు మీ పేపర్ కి వద్దాం. మొన్న ఆదివారం పొద్దున జిల్లా పేజీలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో ఈ మాట కనపడిన చోటల్లా సున్నా చుట్టుకుంటా పోయా. మా మనవరాలు వచ్చి తాతా పేపర్ కి అమ్మోరు పోసిందా అంది. ఎమ్మెల్యే గారు రోడ్డు పనులు పరిశీలించారు, అంటే కారు ఆపి దిగారు. కలెక్టర్ గారు హాస్టల్ భోజనం పరిశీలించారు, అంటే ఒక ముద్ద రుచి చూశారు. మంత్రి గారు స్టాళ్ళు పరిశీలించారు, అంటే అప్పడాల ప్యాకెట్ చేతిలోకి తీసుకుని నవ్వి మళ్ళీ అక్కడే పెట్టారు. ఉద్యోగాలకి సర్టిఫికెట్ల పరిశీలన, అంటే ఒరిజినల్ పక్కన జిరాక్స్ పెట్టి సరిచూడటం. పార్టీ పరిశీలకుడు వచ్చారు, అంటే పైనుంచి పంచాయితీ తీర్చడానికి మనిషి వచ్చాడు. జీతాల పెంపు పరిశీలిస్తాం, అంటే ఇప్పట్లో లేదు. అదే పేజీలో కింద మూల దొంగతనం జరిగిన ఇంట్లో క్లూస్ టీం వాళ్ళు వేలిముద్రల కోసం బీరువా పిడి మీద పొడి చల్లి చూసిన వార్త కూడా ఉంది, అక్కడ కూడా పరిశీలించారు అనే. వాళ్ళు నిజంగానే పరిశీలించారండి, కానీ పైన ఆరు చోట్ల చదివొచ్చిన కళ్ళకి అది కూడా అప్పడాల ప్యాకెట్ లాగే కనిపిస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఎందుకిట్లా అయిందని చానా ఆలోచించా. నాకు తోచింది ఏంటంటే ఇది పని చెప్పే మాట కాదు ఇప్పుడు, మర్యాద మాట. మామూలు మనిషి చూస్తాడు, పెద్దోళ్ళు చూడరు. సినిమా ఐతే వీక్షిస్తారు, గుడైతే సందర్శిస్తారు, నాటకమైతే తిలకిస్తారు, మిగతావన్నీ పరిశీలిస్తారు. మనం తింటాం, స్వామి ఆరగిస్తాడు, అట్లాగన్నమాట. చూడు అనే మాటకి గారు తగిలిస్తే పరిశీలించు అయింది. ఎమ్మెల్యే కాలువ చూశారు అని రాస్తే ఆయనకి చిన్నతనంగా ఉంటుందని మీ రిపోర్టర్ భయం కావచ్చు. కానీ దానివల్ల ఏమైంది, సారు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నిలబడిన రెండు నిమిషాలకి కూడా రికార్డులో పరిశీలన అని పడిపోయింది. రేపు ఎవరైనా అడిగితే పేపర్ కటింగ్ చూపిస్తారు, పరిశీలించాం కదా అని. నేను స్టాంపు గుద్ది సంతకం పెట్టినట్టే మీరు ఆయన తరఫున స్టాంపు గుద్దారు.

మా పక్కింట్లో రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్ గారు ఉన్నారు, ఆయన్ని అడిగా దీని పుట్టుక ఏంటని. ఆయన చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. సంస్కృతంలో పరిశీలన అంటే మళ్ళీ మళ్ళీ తాకుతూ, అదే పనిగా దాంతోనే గడుపుతూ అలవాటు పడటమంట. 12వ శతాబ్దం జయదేవుడి వసంతం అష్టపదిలో లవంగ తీగెల పరిశీలన వల్ల మెత్తబడ్డ మలయమారుతం అని వస్తుంది కదా, అక్కడ గాలి తీగెల్ని ఇన్‌స్పెక్షన్ చేయలేదు, వాటిని ఒరుసుకుంటా వచ్చింది అని అర్థం. ఒరుసుకోవడం! మా రాయి మీద మేం చేసేది అదే, అందుకే దాన్ని ఒరగల్లు అని కూడా అంటారు. అంటే ఈ మాట పుట్టుకలోనే ముట్టుకోవడం ఉంది, దూరం నుంచి చెయ్యి చాపడం లేదు.

ఇంక ఆయన ఆగలేదు. క్షుణ్ణం అంటే దంచి పొడి చేసింది అని అసలు అర్థమంట. మీ క్యాప్షన్ ప్రకారం సారు మా కాలువని రోట్లో వేసి దంచారన్నమాట. కూలంకషం అంటే ఒడ్డుని ఒరుసుకుంటా, కోసుకుంటా పారే నది, ఆ లెక్కన మా కాలువకి కూలంకషం అనే మాట సరిగ్గా సరిపోతుంది, వానొస్తే ఒడ్డు దాటి మా గడపల దాకా వస్తుంది. నిశితం అంటే పదును పెట్టింది. ఆమూలాగ్రం అంటే వేరు నుంచి కొస దాకా. చూడండి, ఈ మాటలన్నిట్లో ఒంటికి పని ఉంది, దంచడం, కోయడం, పదును పెట్టడం.

అచ్చ తెలుగు మాట తరచి చూడు కూడా అంతే. తరచడం, త్రచ్చడం అంటే చిలకడం. వాయల్పాడు దగ్గర తరిగొండ ఉంది కదా, కవయిత్రి వెంగమాంబ గారి ఊరు, అక్కడ పెరుగు చిలికే తరికుండలో స్వామి దొరికాడని, తరికుండే తరిగొండ అయిందని చెప్తారు. తరచి చూస్తే తెలుస్తుంది అంటే కవ్వం వేసి తిప్పితే గానీ వెన్న పైకి రాదు అని. నిగ్గు తేల్చడం కూడా అట్లాంటిదే. మా సీమలో ముసలోళ్ళు పరకాయించి చూడు అంటారు, నాకు అన్నిటికంటే ఆ మాటే ఇష్టం, కళ్ళు చికిలించి మెడ ముందుకు పెట్టి చూసే మనిషి ఆ మాటలోనే కనిపిస్తాడు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు పరకాయించి చూస్తారు, నోరు తెరిచి రెండు పళ్ళదా నాలుగు పళ్ళదా అని, సుళ్ళు ఎక్కడున్నాయని, నాలుగు అడుగులు నడిపించి కాలు ఈడుస్తా ఉందేమో అని. సంతలో ఎవరూ ఎద్దుని పరిశీలించాను అని చెప్పుకోరు, ఐనా పరిశీలన అక్కడ జరిగినంత ఇంకెక్కడా జరగదు. మా ఆవిడ చేటలో బియ్యం పోసుకుని మెరికలు, మట్టిబెడ్డలు, రాళ్ళు ఏరేటప్పుడు టీవీలో సీరియల్ నడుస్తున్నా ఆమె చెయ్యి ఆగదు, వేలు రాయి మీదికే పోతుంది. ఏమే బియ్యం పరిశీలిస్తున్నావా అని ఒకసారి అన్నా, ఏం జరగలేదు గానీ ఆ పూట కాఫీ ఆలస్యమైంది.

ఒక మాట దాని పని వదిలేసి దర్పం పట్టుకోవడం కొత్తేం కాదు లెండి. అజమాయిషీ ఉంది కదా, అది పారసీ మాట, అసలు అర్థం పరీక్ష చేయడం. రెవెన్యూ వాళ్ళ లెక్కల్లో పంట అజమాయిషీ అని ఉండేది, అడంగల్లో, అంటే ఊరి పొలాల లెక్కల పుస్తకంలో, రాసిన పంట పొలంలో నిజంగా ఉందా లేదా అని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గట్ల మీద నడిచి చూసి రావడం. ఇప్పుడు బయట అజమాయిషీ అంటే ఏంటి, పెత్తనం. అత్త కోడలి మీద అజమాయిషీ చేస్తోంది అంటారు, కోడల్ని పొలం గట్టు మీద పరీక్ష చేస్తోందని కాదు కదా. చెక్ చేయడానికి వచ్చినోడు పెత్తనం చేసి వెళ్ళిపోతే మాట కూడా అట్లాగే మారింది. పరిశీలించు కూడా అదే దారిలో పోతా ఉంది అని నా భయం.

ఆఫీసుల్లో పరిశీలిస్తాం సంగతి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక కాగితంలో నా పేరుకి దీర్ఘం తగ్గిందని సరిచేయమని ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చా, అర్జీలో నేనే రాశా "దయచేసి పరిశీలించి తగు చర్య తీసుకోవలసిందిగా" అని, ఎందుకంటే అర్జీ అంటే అట్లాగే రాయాలని చిన్నప్పట్నించి అలవాటు. పదకొండు నెలల నుంచి పరిశీలనలో ఉంది. ఒక దీర్ఘాన్ని పదకొండు నెలలు పరిశీలిస్తే ఈపాటికి దానికి పీహెచ్‌డీ వచ్చేది. తప్పు నాది కూడా, పరిశీలించండి అని అడిగా కాబట్టి పరిశీలిస్తున్నారు, సరిచేయండి అని రాసి ఉండాల్సింది.

ఈ మాట ఇంకా గట్టిగా నిలబడిన చోటు ఒకటి చెప్పాలి, నామినేషన్ల పరిశీలన. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 36వ సెక్షన్ దాని గురించే. నామినేషన్లకి ఆఖరు రోజు ఐపోయిన మర్నాడే (ఆ రోజు సెలవైతే ఆ తర్వాతి పనిరోజున) అది జరగాలి. అభ్యర్థి, ఆయన ఎలక్షన్ ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, అభ్యర్థి రాసిచ్చిన ఇంకొకరు, వీళ్ళు తప్ప వేరేవాళ్ళు లోపల ఉండకూడదు, ఎవరి కాగితాలైనా వీళ్ళకి చూసుకునే వీలు ఇవ్వాలి. అభ్యంతరం వస్తే రిటర్నింగ్ అధికారి విచారించి తేల్చాలి, కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో రాసి పెట్టాలి, అసలు విషయానికి అడ్డం రాని చిన్న లోపాలకి కొట్టేయకూడదు. చూశారా, అక్కడ పరిశీలన అంటే ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి, చూశాక ఏం రాయాలి అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో దాన్ని స్క్రూటినీ అంటారు, ఆ మాటకి లాటిన్ లో మూలం పాత గుడ్డలు, చెత్త సామాను అనే మాట అని లెక్చరర్ గారే చెప్పారు, చెత్తలో చెయ్యి పెట్టి కెలికి వెతకడం అన్నమాట. మా కాలువకి కావాల్సింది సరిగ్గా అదే.

నేను అడిగేది పెద్దదేం కాదండి. మీ డెస్క్ లో కూర్చున్నోళ్ళు ఈ మాట టైప్ చేసేముందు రిపోర్టర్ కి ఒక్క ఫోన్ కొట్టండి, సారు ఏం చేశారు అని. బండ లేపించి పూడిక కొలిపిస్తే, ఇన్ని అడుగుల పూడిక ఉందని తేలింది అని రాయండి, అప్పుడు పరిశీలించారు అని కూడా రాయండి, ఎవరు కాదంటారు. లేదంటే వచ్చారు, చూశారు, వెళ్ళారు అని రాయండి. స్థలం చాలదు అనే మాట ఇక్కడ కుదరదు, పరిశీలించారుకి ఆరు అక్షరాలు, చూశారుకి మూడే, రోజుకి మీకు మిగిలే చోటులో ఒక చిన్న ప్రకటన వేసుకోవచ్చు. పరిశీలిస్తాం అని ఎవరైనా హామీ ఇస్తే ఎప్పటిలోగా అని ఇంకో ప్రశ్న అడిగి ఆ జవాబు కూడా పక్కనే వేయండి, జవాబు చెప్పకపోతే చెప్పలేదు అని వేయండి. మర్యాదకి భంగం అంటారా, పేరు పక్కన గారు ఉంది కదా, అది చాలు.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఫోటో మొన్న మళ్ళీ తీసి భూతద్దం పెట్టి చూశా, పాత అలవాటు. సారు వెనకాల నీలం చొక్కా వేసుకుని నిలబడింది నేనే. మీ క్యాప్షన్ ప్రకారం నేను కూడా కాలువని క్షుణ్ణంగా పరిశీలిస్తున్నట్టే లెక్క, కానీ కాలువ వైపు కాదండీ, నేను చూస్తున్నది కెమెరా వైపు.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
రిటైర్డ్ గోల్డ్ అప్రైజర్,
కడప జిల్లా